పూర్వీకుల మరణ నమోదులు వెతకడం ఎలా: తిథి నుంచి రిజిస్టర్ దాకా

తాతగారు ఏ తేదీన పుట్టారని ఇంట్లో అడిగితే పెద్దవాళ్లు తడుముకుంటారు. ఆయన పోయిన తిథి అడిగితే మాత్రం ఠక్కున చెబుతారు, ఏటా తద్దినం పెట్టాలంటే ఆ తిథి తెలిసి తీరాలి కనుక. వంశ చరిత్ర రాసుకోవాలనుకున్న తెలుగువారికి అందుబాటులో ఉన్న మొదటి మరణ నమోదు అదే. చాలామంది దాన్ని పక్కన పెట్టి నేరుగా ఆఫీసుకు వెళ్లి మరణ ధ్రువపత్రం అడుగుతారు. ఏ సంవత్సరమని గుమాస్తా అడిగేసరికి చేతులూపుకుంటూ తిరిగి వస్తారు. నా అనుభవంలో పని జరిగే వరుస ఇది: ముందు తిథి, దాని నుంచి ఇంగ్లీషు తేదీ, ఆ తేదీనాటికి ఆ ఊరు ఏ తాలూకాలో ఉండేదన్న సంగతి, ఆ తర్వాతే రిజిస్టర్. రిజిస్టర్‌లో లేకపోతే ఆస్తి కాగితాలు. నిజానికి మన ప్రాంతంలో మరణం రిజిస్టర్‌లో కన్నా ఆస్తి చేతులు మారిన చోటే నమ్మకంగా నమోదై ఉంటుంది.

తిథిని తేదీగా మార్చడం

పాత లెక్కల పుస్తకం వెనక పేజీలో "ఈశ్వర నామ సం॥ర పుష్య బ॥ ఏకాదశి నాడు నాన్నగారు కాలం చేసినారు" అని ఒక పంక్తి దొరికిందనుకుందాం. సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి కాబట్టి ఈశ్వర అంటే 1877-78 కావచ్చు, 1937-38 కావచ్చు, 1997-98 కావచ్చు. ఆయన పిల్లల వయసులను, పెళ్లిళ్ల కాలాన్ని బట్టి ఏ ఆవృత్తమో తేల్చడం కష్టం కాదు. ఇక్కడ 1937-38 అనుకుందాం. అసలు పొరపాటు ఆ తర్వాత జరుగుతుంది. ఈశ్వర సంవత్సరం 1937 ఉగాదితో మొదలైంది కనుక 1937 అని రాసేసుకుంటారు. కానీ పుష్య మాసం సంక్రాంతి రోజుల్లో వస్తుంది, అప్పటికి చాలావరకు ఇంగ్లీషు సంవత్సరం మారిపోయి ఉంటుంది. ఆ ఏడు పుష్య పౌర్ణమి 1938 జనవరి మధ్యలో వచ్చింది, కాబట్టి బహుళ ఏకాదశి జనవరి చివరి వారంలో పడుతుంది. 1937 రిజిస్టర్ ఎంత తిరగేసినా ఆయన కనిపించరు. పుష్య, మాఘ, ఫాల్గుణ మాసాల్లో పోయినవారందరి విషయంలోనూ ఈ జాగ్రత్త అవసరం. మార్గశిరంలోనూ నెల చివరి రోజులు ఒక్కోసారి జనవరిలోకి వస్తాయి.

తిథి అర్ధరాత్రికి మారేది కాదు. పగలైనా రాత్రయినా ఏ గంటకైనా మొదలై, ఏ గంటకైనా ముగుస్తుంది. తద్దినానికి ప్రాణం పోయిన వేళకు ఉన్న తిథిని పట్టుకుంటారు, పంచాంగం మాత్రం సూర్యోదయానికి ఉన్న తిథిని ఆ రోజుకు పెడుతుంది. అందువల్ల లెక్క వేసి తేల్చిన తేదీకి ఒక రోజు అటూ ఇటూ తేడా రావడం సహజం. పైగా గ్రామాధికారికి కబురు అందిన రోజే మరణ దినంగా రిజిస్టర్‌కెక్కిన సందర్భాలూ ఉంటాయి కాబట్టి ఒక్క తేదీని కాక ముందు వెనకలుగా ఒక వారాన్ని వెతకాలి. ఇంటర్నెట్‌లో దొరికే పంచాంగ గణన సాధనాలు వాడేటప్పుడు అవి అమాంత పద్ధతిలో ఉన్నాయో, పూర్ణిమాంత పద్ధతిలో ఉన్నాయో ముందే చూసుకోవాలి. మన మాసం అమావాస్యతో ముగుస్తుంది, ఉత్తరాదివారిది పౌర్ణమితో ముగుస్తుంది. మన పుష్య బహుళం వారి లెక్కలో మాఘ కృష్ణ పక్షం. ఇది గమనించకపోతే తేదీ ఏకంగా ఒక నెల తప్పుతుంది.

సంవత్సరం పేరు మరచిపోయి మాసం, పక్షం, తిథి మాత్రమే మిగిలిన ఇళ్లు చాలా ఉన్నాయి, ఏటా తద్దినం పెట్టడానికి ఆ మూడూ చాలు. అప్పుడు పెద్దవాళ్లను సంవత్సరం అడగకండి. ఆ రోజుల్లో ఇంకేం జరిగిందని అడగండి. మూసీకి వరదొచ్చిన ఏడాది అంటే 1908, దివిసీమ ఉప్పెన అంటే 1977 నవంబరు, ఇంటింటా జ్వరాలతో జనం పిట్టల్లా రాలిపోయిన ఏడాది అంటే బహుశా 1918. ముత్తాతల నాటి మాటల్లో వినిపించే ధాత కరువు 1876లోనూ, గుంటూరు సీమను తుడిచిపెట్టిన డొక్కల కరువు 1832-33లోనూ వచ్చినవి. పొలం అమ్మిన తర్వాత పోయారా, ముందా. పెద్దమ్మాయి పెళ్లి నాటికి ఉన్నారా, లేరా అన్న ప్రశ్నలతో సందేహాన్ని రెండు మూడేళ్లకు కుదించవచ్చు.

తర్పణం వదిలేటప్పుడు తండ్రి, తాత, ముత్తాతలతో పాటు తల్లి, నాయనమ్మ, తాతగారి తల్లి పేర్లు కూడా చెబుతారు కాబట్టి ఆ మూడు తరాల పేర్లను కర్మ చేసే వ్యక్తి దగ్గర రాసుకోవాలి. ఆడవాళ్ల అసలు పేర్లు మరే కాగితంలోనూ దొరక్కపోవచ్చు. తద్దినాలు పెట్టే ఆచారం లేక పెత్తరమాసకో, సంక్రాంతికో పెద్దలందరికీ కలిపి బట్టలు పెట్టే కుటుంబాల్లో తిథి మిగలదు. అటువంటివారు ఊరి చివర సమాధులనూ, కింద చెప్పబోయే భూమి కాగితాలనూ ఆశ్రయించాలి. కాపు, రెడ్డి కుటుంబాలకు పిచ్చకుంట్లవారు వంశావళి చెప్పే సంప్రదాయం ఉండేది; వారి నోట తేదీలు దొరకవు గానీ తరాల వరుస దొరుకుతుంది.

ఏ ఊరు, ఏ తాలూకా

మరణం జరిగిన చోటే నమోదవుతుంది, కాపురమున్న చోట కాదు. పురిటికి పుట్టింటికి వెళ్లి అక్కడే కన్నుమూసిన మనిషిని అత్తవారి ఊరి రిజిస్టర్‌లో వెతికి లాభం లేదు. ఆస్పత్రిలో పోయినవారి పేరు ఆ పట్టణపు మునిసిపల్ రిజిస్టర్‌లో ఉంటుంది.

ఊరు తెలిశాక ఆ కాలానికి అది ఏ తాలూకా, ఏ జిల్లా అన్నది తేల్చాలి. మండలాలు వచ్చింది 1985లో. అంతకు ముందు రికార్డులన్నీ తాలూకాల పేరు మీదే ఉంటాయి. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది, పశ్చిమ గోదావరి 1925లో, ప్రకాశం 1970లో, విజయనగరం 1979లో ఏర్పడ్డాయి. భద్రాచలం ప్రాంతం 1959 వరకు తూర్పు గోదావరిలో ఉండేది. మునగాల సంగతి మరీ విచిత్రం: చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా ఆ పరగణా కృష్ణా జిల్లాలో భాగంగా మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండేది, 1959లో నల్గొండ జిల్లాలో కలిసింది. అక్కడివారి పాత కాగితాలు ఉర్దూలో ఉంటాయనుకుని హైదరాబాద్‌లో వెతికితే కాలం వృథా. బళ్లారి 1953లో మైసూరు రాష్ట్రానికీ, గంజాం 1936లో ఒరిస్సాకూ వెళ్లిపోయాయి కాబట్టి ఆ వైపు తెలుగువారు రాష్ట్రం దాటి వెతకవలసి ఉంటుంది.

రిజిస్టర్ దగ్గర

కోస్తా, రాయలసీమ జిల్లాల్లో జనన మరణాల నమోదుకు ఆధారం 1899 నాటి మద్రాసు చట్టం. పల్లెల్లో అమలు అన్ని ఊళ్లలోనూ ఒకే రోజున మొదలు కాలేదు, కాబట్టి ఒక ఊరికి 1905 రిజిస్టర్ ఉండి పక్క ఊరికి లేకపోవచ్చు. ఊళ్లో ఈ పని గ్రామ మునసబుది. 1969లో పార్లమెంటు చేసిన జనన మరణాల నమోదు చట్టం 1970 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక దేశమంతటికీ ఒకే పద్ధతి ఏర్పడింది. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయినప్పుడు ఊళ్ల రికార్డులు చేతులు మారాయి. అన్నీ చేరవలసిన చోటికి చేరాయని అనుకోనక్కరలేదు, కొన్ని పాత అధికారుల ఇళ్ల అటకల మీదే ఉండిపోయాయి. ఊళ్లో కరణంగారి వారసులు ఎవరైనా ఉంటే ఒకసారి వెళ్లి మర్యాదగా అడగడం తప్పు కాదు.

ఇప్పుడు పల్లెల్లో పంచాయతీ కార్యదర్శి, పట్టణాల్లో మునిసిపాలిటీ ఈ నమోదు చూస్తున్నారు. మీసేవలో దొరికేది కంప్యూటర్‌లోకి ఎక్కించిన ఇటీవలి కాలపు సమాచారం. పాత చేతిరాత పుస్తకాలకు అది దారి కాదు. చట్టం ప్రకారం ఆ సంవత్సరం గడిచిన కొంతకాలానికి రిజిస్టర్‌ను భద్రత కోసం పై అధికారికి అప్పగిస్తారు, దాన్ని ధ్వంసం చేయకూడదు, శాశ్వతంగా ఉంచాలి. అందువల్ల "మా దగ్గర లేదు" అని సమాధానం వస్తే అక్కడితో ఆగిపోకుండా "ఎవరికి అప్పగించారు, ఏ తేదీన?" అని అడగాలి. తహసీల్దారు కార్యాలయపు రికార్డు గది చాలాసార్లు ఆ ప్రశ్నకు జవాబవుతుంది. నోటిమాటకు స్పందన లేకపోతే సమాచార హక్కు చట్టం కింద అదే ప్రశ్నను రాతపూర్వకంగా వేయవచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో చేసిన నియమాల ప్రకారం గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు.

1969 చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్‌లో ఒక నమోదును వెతికించమని ఎవరైనా కోరవచ్చు, దాని నకలు పొందవచ్చు. రుసుము వెతకవలసిన సంవత్సరాల సంఖ్యను బట్టి ఉంటుంది కనుక ముందు తిథితో పడిన శ్రమ ఇక్కడ కలిసి వస్తుంది. ఇచ్చే నకలులో మరణ కారణం ఉండదు, దాన్ని వెల్లడించకూడదని ఆ సెక్షనే చెబుతోంది.

దరఖాస్తులో పేరు ఒక్కటే రాసి ఊరుకోవడం నేను చేసిన తప్పు. మా ముత్తాతగారి పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా రాసిచ్చాను. నమోదు లేదని కాగితం వచ్చింది. రెండోసారి వెళ్లి పేరు సంగతి పక్కన పెట్టి, ఆ ఊరికి ఆ నెలలో నమోదైన మరణాలన్నీ చూపమని వేడుకుంటే, గుమాస్తా దయతలచి పుస్తకం తెరిచారు. ఆ నెలకు ఉన్నవి ఏడు పంక్తులే. అయిదో పంక్తిలో ఇంటిపేరు లేదు, పూర్తి పేరు లేదు, ఊరంతా పిలిచిన పొట్టి పేరు ఉంది. తండ్రి పేరు, వయసు, వృత్తి మాత్రం సరిపోయాయి. పాత పుస్తకాల్లో ఇది మామూలే. వేంకటసుబ్బయ్య సుబ్బడు అవుతాడు, రామలక్ష్మమ్మ రామి అవుతుంది. కింది కులాలవారి పేర్లకు రాసేవాడి నోటి "గాడు" కూడా అంటుకుని ఉంటుంది. పెళ్లయిన స్త్రీ ఫలానావారి భార్యగా, పేరు పెట్టని బిడ్డ మగశిశువుగానో, ఆడశిశువుగానో మిగిలిపోతారు. అందుకే దరఖాస్తులో పిలుపు పేర్లన్నీ రాయాలి, తండ్రి లేదా భర్త పేరు రాయాలి, వీలుంటే నెల మొత్తం చూడమని కోరాలి.

చేతిరాత గొలుసుకట్టు అయితే మొదట ఒక్క ముక్కా అర్థం కాదు. అదే పేజీలో నెలల పేర్లు, కులాల పేర్లు, ఊరి పేరు పదేపదే వస్తాయి కాబట్టి ముందు వాటిని గుర్తుపట్టి, ఆ రాతలో అక్షరాలు ఎలా కలుస్తాయో చూసుకుని, తర్వాత పేర్ల జోలికి వెళ్లాలి. అంకెలు తెలుగు అంకెలైతే ౧, ౯ ఒకదానికొకటి పొరబడకుండా చూసుకోవాలి. వయసును అక్షరాలా నమ్మవద్దు. నలభై, యాభై, అరవై అన్న గుండు అంకెలు కుప్పలుగా కనిపిస్తాయంటే అవి అంచనాలే. మరణ కారణం కూడా అంతే. ఆనాటి లెక్కల్లో కలరా, మశూచి, జ్వరాలు, విరేచనాలు, గాయాలు, ఇతరాలు అన్న కొద్ది గళ్లే ఉండేవి కాబట్టి 1918 ఇన్‌ఫ్లుయెంజాతో పోయినవారు కూడా ఎక్కువగా జ్వరాల గడిలోనే చేరిపోయారు.

నకలు దొరికితే మరణ తేదీతో పాటు నమోదు తేదీనీ చూడండి. రెండింటి మధ్య ఏళ్ల తరబడి ఎడం ఉంటే అది ఆస్తి పంపకం కోసమో, పింఛను కోసమో అధికారి ఉత్తర్వుతో తర్వాత చేయించిన నమోదు. అందులోని తేదీ చనిపోయిననాడు రాసింది కాదు, అవసరం పడిననాడు గుర్తుచేసుకున్నది.

తెలంగాణలో ఫస్లీ, ఉర్దూ

నిజాం ప్రాంతపు రికార్డుల్లో భాష ఉర్దూ, సంవత్సరం ఫస్లీ, అంటే శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం. నెలలు ఆజూర్, దై, బహమన్ అంటూ సాగుతాయి, ఏడాది అక్టోబరు ప్రాంతంలో ఆజూర్‌తో మొదలవుతుంది. ఫస్లీకి 590 కలిపితే ఏడాది మొదట్లోని నెలలకు, 591 కలిపితే జనవరి నుంచి వచ్చే నెలలకు ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. మద్రాసు వైపు కూడా రెవెన్యూ లెక్కల్లో ఫస్లీ వాడేవారు, అక్కడ ఏడాది జులై 1న మొదలవుతుంది. పైన చెప్పిన 1938 జనవరి మరణం అక్కడి లెక్కల్లో ఫస్లీ 1347లో ఉంటుంది. నిజాం ప్రాంతంలో ఊళ్లోని మరణాల సమాచారం పోలీసు పటేల్ పని, భూమి లెక్కలు పట్వారీ పని. ఉర్దూ చదవగలిగినవారిని వెంట తీసుకెళ్లడం మంచిది, అది కూడా షికస్తా (అక్షరాలు కలిపి వేగంగా రాసే ఉర్దూ చేతిరాత) అలవాటున్న పెద్దవారైతే మేలు.

ఆస్తి కాగితాలు

పట్టాదారు పోతే భూమి వారసుల పేరు మీదికి మారాలి. తెలంగాణలో దీన్ని విరాసత్ అంటారు, చనిపోయినవారి ఖాతాను ఫౌతీ ఖాతా అంటారు. మార్పులన్నీ ఫైసల్ పట్టీ అనే రికార్డులోకి ఎక్కేవి. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో (పహాణీ అంటే ఏ భూమి ఎవరిదో రాసిన గ్రామ లెక్క) తాతగారి పేరుండి, నాలుగేళ్ల తర్వాతి పహాణీలో తండ్రి పేరుంటే మరణం ఆ మధ్య జరిగిందని అనుమానించి, ఆ సంవత్సరాల ఫైసల్ పట్టీ తెరిపించాలి. బతికి ఉండగానే పంచి ఇచ్చిన సందర్భాలు ఉంటాయి కనుక పేరు మారినంత మాత్రాన మరణమని తేల్చేయకూడదు. ఆంధ్ర ప్రాంతంలో ఇదే పనికి అడంగల్ (పహాణీ వంటి గ్రామ భూమి లెక్క), పట్టా మార్పిడి ఫైళ్లు చూడాలి. ఇనాం (దానంగా వచ్చిన) భూములున్న కుటుంబాలకు ఇంకా వెనక్కి వెళ్లే వీలుంది: 1858లో మొదలైన ఇనాం కమిషన్ తయారుచేసిన రిజిస్టర్లలో మొదట దానం పొందినవారు, ఆ తర్వాత అనుభవించినవారు, అప్పటి హక్కుదారులు, వారి వయసులు వరుసగా ఉంటాయి.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పంపకం దస్తావేజులు, అమ్మకం దస్తావేజులు చదివేటప్పుడు హద్దుల కన్నా ముందుమాటను శ్రద్ధగా చదవాలి. "మా తండ్రిగారు సుమారు పన్నెండు సంవత్సరముల క్రిందట స్వర్గస్థులైనందున" అన్న ఒక్క వాక్యం దస్తావేజు తేదీతో కలిపితే సంవత్సరం ఇస్తుంది, ఆ సుమారును మాత్రం మరువకూడదు. వీలునామాలు అక్కడే మూడో పుస్తకంలో ఉంటాయి. రాసినవారు బతికి ఉన్నంతకాలం వాటి నకలు ఇతరులకు ఇవ్వరు, చనిపోయిన తర్వాత ఎవరు అడిగినా ఇస్తారు.

వీటన్నిటికన్నా నాకు ఎక్కువ నమ్మకం కోర్టు కాగితాల మీద. తాతలు దావాలాడిన కుటుంబమైతే ఇవాళ సంతోషించవచ్చు. దావా నడుస్తుండగా వాది గానీ ప్రతివాది గానీ చనిపోతే వారసులను చేర్చమని గడువులోగా దరఖాస్తు పెట్టాలి. ఇప్పటి చట్టంలో ఆ గడువు 90 రోజులు. గడువు లెక్క మరణం నుంచే మొదలవుతుంది కాబట్టి ఆ దరఖాస్తులో మరణ తేదీ కచ్చితంగా ఉంటుంది, దాన్ని తప్పని చూపించడానికి ఎదుటి పక్షం కాచుకుని ఉంటుంది. దానికి తోడు భార్య, కొడుకులు, కూతుళ్లు వయసులతో సహా వరుసగా కనిపిస్తారు. రిజిస్టర్‌లో ఫలానావారి భార్యగా మిగిలిన స్త్రీకి ఇక్కడ పేరు ఉంటుంది.

మిగిలిన చోట్లు

క్రైస్తవ కుటుంబాలకు చర్చి సమాధి రిజిస్టరే ప్రధానం. ఏ మిషన్ ద్వారా ఆ కుటుంబం క్రైస్తవంలోకి వచ్చిందో తెలిస్తే పుస్తకం ఎక్కడుందో తెలుస్తుంది: గుంటూరు వైపు లూథరన్లు, నెల్లూరు, ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టులు, మచిలీపట్నం వైపు ఆంగ్లికన్ మిషన్ పనిచేశాయి. ప్రపంచ యుద్ధాల్లో పోయిన సైనికుల పేర్లు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో ఉచితంగా వెతకవచ్చు. చాలా పేర్లకు తండ్రి పేరు, ఊరు, జిల్లా పక్కనే ఉంటాయి, అయితే ఇంగ్లీషు అక్షరక్రమం ఆనాటి సైనిక గుమాస్తా చెవికి తోచినట్లు ఉంటుంది.

ఒప్పంద కూలీలుగా సముద్రం దాటినవారి వారసులు ఎదురు దిక్కు నుంచి రావాలి. మారిషస్‌లో మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస రికార్డులు ఉన్నాయి. 1860 నుంచి నాటాల్‌కు (నేటి దక్షిణాఫ్రికాలోది), 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీకి వెళ్లినవారికి ఓడ జాబితాలు ఉన్నాయి. మరణ నమోదు ఆ దేశంలో ఉంటుంది. అందులోని కూలీ నంబరు పట్టుకుని వెనక్కి వస్తే వలస పత్రంలో తండ్రి పేరు, గ్రామం, తాలూకా, జిల్లా దొరుకుతాయి.

పత్రికల్లో సంతాప వార్తలు ఊళ్లో పేరున్నవారికే పరిమితం. కృష్ణాపత్రిక, ఆంధ్రపత్రిక పాత సంచికలు వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాల్లో చూడవచ్చు. చావు కబురు తెచ్చిన కార్డును చదివి చింపేసే అలవాటు వల్ల ఉత్తరాలు మాత్రం దాదాపు మిగలలేదు. జనాభా లెక్కల కోసం ఇంటింటా నింపిన పత్రాలను దాచి ఉంచలేదు కనుక వాటి కోసం తిరగడం దండగ.

దొరికిన ప్రతి నమోదుకూ కార్యాలయం పేరు, రిజిస్టర్ సంవత్సరం, పేజీ, వరుస సంఖ్య, చూసిన తేదీ రాసిపెట్టుకోవాలి. తిథి ఒక తేదీ చెప్పి, రిజిస్టర్ మరొకటి చెబితే రెండింటినీ పక్కపక్కనే ఉంచాలి. వెతికినా కనిపించని సంవత్సరాలనూ, అటక మీద చెదలు తినేసిన పుస్తకాలనూ కూడా అదే జాబితాలో రాయాలి. లేకపోతే పదేళ్ల తర్వాత మీ తమ్ముడి కొడుకు అదే ఆఫీసుకు వెళ్లి అదే 1937 రిజిస్టర్‌ను మళ్లీ మొదటి పేజీ నుంచి తిరగేస్తాడు.